“అది” అనగా ఏది?
(పఠన పరీక్షలపై ఒక విమర్శ)

చేవెళ్లలోనో మొయినాబాద్‌లోనో ఒక విద్యార్థి ఈ క్రింది భాగమును తడబడక చదివినాడనుకొనండి:

“1908లో మూసీ వరద హైదరాబాదును ముంచినది. అటువంటి ఆపద మరల రాకుండ రెండు జలాశయములు కట్టవలెనని విశ్వేశ్వరయ్యగారు సూచించినారు. వాటిలో గండిపేట 1920లో మొయినాబాద్ సమీపమున పూర్తియైనది. రెండవది మరి ఏడేండ్లకు ముగిసినది.”

“వరద ఎప్పుడు వచ్చినది?” అని అడిగిన, మొదటి వాక్యము అప్పగించిన చాలును, మార్కులు వచ్చును. “‘వాటిలో’ అనగా వేటిలో? ‘రెండవది’ అనగా ఏమి?” అని అడిగినప్పుడే అర్థమైనదీ కానిదీ తేలును.

మన పఠన పరీక్షల లోపము ఇచ్చటనే ఉన్నది. 2005లో ప్రారంభమైన ‘అసర్’ గ్రామీణ సర్వే అక్షరములు, పదములు, పేరా, కథ వరుసగా పైకి చదివించి పిల్లల స్థాయిని నిర్ణయించును. చదువరాని పిల్లల సంగతి దేశమునకు తెలిపిన మేలు దానిది. కాని కథను గడగడ చదివినవానిని పై మెట్టున నిలుపుటతో ఆ కొలత ముగియును. తరగతిలో సైతము పైకి చదువుటనే చదువుగా ఎంచు అలవాటు కలదు.

ఈ రెండును వేరని 1986లో జేన్ ఓక్‌హిల్, నికోలా యూయిల్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు బ్రిటనులో 7, 8 ఏండ్ల పిల్లలపై జరిపిన పరిశోధన చూపినది. పదములను తోటివారితో సమానముగా చదువగలిగియు, అర్థగ్రహణములో వెనుకబడిన పిల్లలు, సర్వనామము ఎవరిని సూచించునో చెప్పుటలో ఎక్కువగా పొరబడినారు.

అది ఇంగ్లీషు మాట. తెలుగు చిక్కులు వేరు. తెలుగులో కర్తను విడిచి వ్రాయుట పరిపాటి. ‘వచ్చినది’ ఆడపిల్లకు, ఆవునకు, వరదకు ఒక్కటే. ‘వచ్చినారు’ అన్న పెద్దమనిషి ఒక్కడు కావచ్చును, పదిమంది కావచ్చును. ఇంటిలో ‘గది’, ‘గాయన’ అని వ్రేలు చూపి చెప్పినప్పుడు సందేహము లేదు. అచ్చుపుటలో ఆ వ్రేలు ఉండదు. కావున తెలుగు పిల్లలను తెలుగులోనే పరీక్షింపవలెను.

ఇది భాషా పాఠముతో తీరు విషయము కాదు. “నీటిని కాచిన అది ఆవిరియగును. దానిని చల్లార్చిన మరల నీరగును.” ఇందు ‘అది’ నీరు, ‘దానిని’ అనగా ఆవిరిని. రెండును నీరే అనుకొన్న విద్యార్థికి రెండవ వాక్యము అర్థము కాదు, బట్టీపట్టును. పిమ్మట, వానికి సైన్సు రాదందురు.

ఉపాయము ఖర్చులేనిదే. ఉపాధ్యాయుడు సర్వనామము వద్ద ఆగి “ఎవరు? ఏది?” అని అడిగి, అచ్చటినుండి నామమువరకు పెన్సిలుతో గీత గీయింపవలెను. ప్రతి పరీక్షలోను అట్టి ప్రశ్నలు రెండైనను ఉండవలెను. కొలవనిదానిని బోధించుట క్రమముగా మానివేయుదురు.