చూసినవాడి మాట ఒక్కటే యాత్ర అవుతుందా?

మూడు నెలల కిందట నా పాత విద్యార్థి ఒకడు ఝరాసంగం వచ్చి ఒక రాతప్రతి నా చేతిలో పెట్టాడు. జర్మనీలో ఎం.ఎస్. చదువుతూ ఒక వేసవి సెలవుల్లో తాను చేసిన యూరప్ యాత్రను రెండువందల పేజీల్లో రాశాడు. మొదట పారిస్, ప్రాగ్, వియన్నా నగరాల సందర్శన. తర్వాత దక్షిణ ఫ్రాన్సులో ఒక కొండపల్లెలో మూడు వారాల స్వచ్ఛంద శ్రమశిబిరం. ఆ శిబిరానికి పోలండు నుంచి వచ్చిన ఒక అమ్మాయితో పరిచయం, ప్రేమ, చివరికి రైల్వేస్టేషన్లో వీడ్కోలు. "ముందుమాట మీరే రాయాలె సార్" అన్నాడు. రాస్తానన్నాను. ఇంతవరకు రాయలేదు. ఎందుకు రాయలేకపోయానో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. అతని అంగీకారంతోనే రాస్తున్నాను. పేరు మాత్రం చెప్పను.

ఇది ఒక్క కుర్రవాడి సమస్య అయితే పత్రిక పేజీలు ఖర్చు చేయనక్కర లేదు. ఒకప్పుడు విదేశయాత్ర రాసినవాళ్లు జమీందార్లు, వకీళ్లు, ఆహ్వానాల మీద వెళ్లిన ప్రముఖులు. ఇవాళ మెట్ట పొలాల పల్లెల నుంచి, ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కిన పిల్లలు బ్యాంకు అప్పులతో జర్మనీ వెళ్తున్నారు. రేపు వాళ్లే మన యాత్రా రచయితలు. వాళ్ల రచనను ఏ కొలతతో కొలవాలి? పాత కొలతే సరిపోతుందా?

మన పాత కొలత ఎక్కడ మొదలైందో ఒకసారి చూద్దాం. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'లో దారులు, మజిలీలు, ఊళ్ల స్థితిగతులు, ఆచారాలు అన్నీ ఎంతో ఓపికగా నమోదయ్యాయి. ఆయన పల్లకీ మోసిన బోయీలు కూడా ఉన్నారు. అయితే బోయీ కంటికి కాశీ ఎలా కనిపించిందో ఆ పుస్తకంలో దొరకదు. ఆ కాలానికి అది ఆశించవలసింది కూడా కాదేమో. కాని ఆ లోటు తర్వాతి కాలపు యాత్రా రచనకు వారసత్వంగా వచ్చింది. చూసేవాడు ఒకడు, మోసేవాడు ఒకడు. రాసే హక్కు చూసేవాడిదే.

ఈ వరస మొట్టమొదట తలకిందులైంది, ఆశ్చర్యమేమంటే, ఒక హాస్య నవలలో. మొక్కపాటి నరసింహశాస్త్రి స్వయంగా ఎడింబరోలో చదివి వచ్చినవారు. 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు నుంచి బయలుదేరిన పార్వతీశం దారి పొడుగునా లోకాన్ని చూస్తున్నాననుకుంటాడు. నిజానికి లోకమే అతన్ని చూసి నవ్వుతుంది. అతను కొన్న టోపీ ఆడవాళ్లదని అతనికి తప్ప చూసినవాళ్లందరికీ తెలుసు. చాలా ఏళ్ల తర్వాత వచ్చిన రెండో భాగంలో చదువు, ఒక తెల్ల అమ్మాయితో స్నేహం. మూడో భాగంలో స్వదేశం, జాతీయోద్యమం. అంటే చూపు, ప్రేమ, సేవ మూడింటినీ మొక్కపాటి ఒకే మనిషి జీవితంలో మూడు దశలుగా పెట్టారు. ఒక దశ అనుభవం మరొక దశలో మనిషిని మారుస్తుంది. నా విద్యార్థి మూడింటినీ ఒక్క వేసవిలో అనుభవించాడు. అందులో తప్పు లేదు. ఆ అనుభవం అతన్ని ఏం చేసిందన్నదే ప్రశ్న.

రాతప్రతిలో మొదటి భాగం బలహీనమైనది. పారిస్ అధ్యాయంలో ఈఫిల్ టవరు ఎత్తు, మెట్లు, టిక్కెట్టు ధర ఉన్నాయి. ఆ టవరు 1889 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టింది. అదే ప్రదర్శనలో వలస దేశాల నుంచి తెచ్చిన మనుషులను నకిలీ పల్లెల్లో కూర్చోబెట్టి జనానికి చూపించారు. ఇనుము చూడటానికి వచ్చినవాళ్లు ఆ మనుషులనూ చూసిపోయారు. ఈ సంగతి తెలిస్తే మన పల్లె కుర్రవాడు ఆ టవరు కింద నిలబడే తీరు వేరుగా ఉంటుంది. తెలియకపోవడం నేరం కాదు. కాని దర్శనీయ స్థలాల పట్టికకు పుస్తకమెందుకు, కరపత్రం చాలు.

ఇదే భాగంలో ఒక మంచి పుట ఉంది. ప్రాగ్‌లో చార్లెస్ వంతెన మీద నెపోముక్ యోహాను విగ్రహం కింది రేకును వచ్చిపోయేవాళ్లంతా తాకుతూ ఉంటారు. తాకి తాకి ఆ రేకు మెరుగెక్కింది. అది చూసి అతనికి మా కేతకీ సంగమేశ్వరుని గుండం గుర్తొచ్చింది. కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చిన యాత్రికులు తడిబట్టలతో మెట్లెక్కడం, మరెక్కడా శివుడికి పెట్టని మొగలిపువ్వును ఇక్కడ పెట్టడం గుర్తొచ్చాయి. "మొక్కు భాష ఏ దేశంలోనైనా చేతిలోనే ఉంటుంది" అని రాశాడు. భక్తిని పొగడలేదు, వెక్కిరించలేదు. తన ఊరి కళ్లతో పరాయి ఊరిని చూశాడు. ఆ పుట పక్కన పెన్సిలుతో గీత గీశాను.

రెండో భాగం శ్రమశిబిరం. ఇక్కడ నాకు పేచీ ఉంది. ఇలాంటి శిబిరాలకు గౌరవప్రదమైన చరిత్ర ఉంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, 1920లో, స్విట్జర్లాండుకు చెందిన పియెర్ సెరెసోల్ వెర్దూన్ దగ్గర నేలమట్టమైన ఎన్ అనే పల్లెను తిరిగి కట్టడానికి కొద్దిమందిని కూడగట్టాడు. వారిలో నిన్నటి శత్రువులైన జర్మనులూ ఉన్నారు. జర్మనులు తమ నేల మీద ఉండటం స్థానికులకు మింగుడుపడక కొన్ని నెలలకే ఆ పని ఆగింది. అదే మనిషి 1934 బీహారు భూకంపం తర్వాత మన దేశానికి వచ్చి పల్లెలు తిరిగి కట్టే పనిలో చేయి కలిపాడు. ఆ పారకు ఒక రాజకీయార్థం ఉంది. యుద్ధం కూల్చినదాన్ని యుద్ధం చేసిన చేతులే లేపాలన్నది దాని అర్థం.

నా విద్యార్థి పని చేసింది కొండవాలు మీద ఒక గోడ. సున్నం, సిమెంటు లేకుండా రాతి మీద రాయి పేర్చి కట్టే గోడ. ఈ విద్యను 2018లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఫ్రాన్సుతో సహా ఎనిమిది యూరప్ దేశాలు కలిసి అడిగాయి. అతను రాస్తాడు: "జీవితంలో మొదటిసారి రాయి మోశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. శ్రమలో ఇంత ఆనందముందని ఎవరూ చెప్పలేదు."

ఎవరూ చెప్పలేదా? అతని తల్లి నాకు తెలుసు. 2005 చట్టంతో ఉపాధి హామీ పనులు వచ్చిన నాటి నుంచి ప్రతి ఎండాకాలం పలుగూ తట్టా పట్టుకుని మట్టి పనికి పోయిన మనిషి. పొలం గట్లకు రాతికట్టలు వేసిన మనిషి. ఆ పనికి కొలతలు తీసి, కొలతను బట్టి కూలి కట్టేవారు. ఆమె పేర్చిన రాళ్లు ఏ జాబితాలోనూ లేవు. ఆమెకూ బొబ్బలెక్కాయి. ఆనందం సంగతి ఎవరూ అడగలేదు.

ఇది వ్యక్తిగత నిందగా తీసుకోవద్దు. మన భాషలోని ఒక చిక్కును ఎత్తి చూపుతున్నాను. కూలి లేకుండా చేసే పనికి తెలంగాణలో చాలా పాత పేరు ఉంది: వెట్టి. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ పోరాటానికి అదొక ముఖ్య కారణం. ఆ పోరాటం ముగియకముందే, 1951 ఏప్రిల్ 18న, పోచంపల్లిలో భూదానం మొదలైంది. ఆ ఉద్యమం వెంట శ్రమదానం అనే మాట కూడా ఊరూరా తిరిగింది. వెట్టిలోనూ కూలి లేదు, శ్రమదానంలోనూ కూలి లేదు. తేడా అంతా 'చేయను' అనగలిగే స్వేచ్ఛలో ఉంది. ఆ స్వేచ్ఛ ఎవరికి ఉంది, ఎవరి కష్టం మీద వచ్చింది? తల్లి రెక్కల కష్టం మీద చదివిన కొడుకు మూడు వారాలు ఉచితంగా రాయి మోయడం సిగ్గుపడవలసిన పని కాదు. అతనికి ఆ ఆనందం దక్కడమే ఆమె గెలుపు అనవచ్చు. కాని ఆ గెలుపు పేజీల్లో ఉండాలి. ఇక్కడ ఆనందం ఉంది, తల్లి లేదు.

మూడోది ప్రేమ. ప్రేమను అభ్యుదయ విమర్శకుడు చిన్నచూపు చూస్తాడన్న అపవాదు ఉంది కనుక ముందే చెబుతున్నాను: ఈ రాతప్రతిలో ప్రేమ అక్కర్లేదనడం లేదు. దేశం, మతం, భాష అడ్డురాని స్నేహం ఇద్దరు యువజనుల మధ్య పుట్టడం మంచి వస్తువు. అయితే ఆ అమ్మాయి ఇక్కడ నవ్వుతుంది, జుట్టు వెనక్కి తోసుకుంటుంది, వెన్నెల్లో నడుస్తుంది. మాట్లాడదు. ఎందుకు ఆ శిబిరానికి వచ్చింది, తిరిగి ఏ జీవితానికి వెళ్లింది? మన సినిమాలు 1964 నాటి 'సంగమ్' నుంచి యూరప్‌ను ప్రేమకు తెరవెనక బొమ్మగా వాడుకున్నాయి. 1995లో 'దిల్‌వాలే దుల్హనియా లేజాయేంగే' ఒక తరానికి రైలు, మంచుకొండ, ప్రేయసి ఒకే చిత్రంగా అలవాటు చేసింది. నా విద్యార్థి ఆ చిత్రంలోకి ఒక నిజమైన మనిషిని దించాడు.

పెద్దవాళ్లూ దీనికి అతీతులు కారు. రాహుల్ సాంకృత్యాయన్‌ను మనం లోకసంచారిగా గౌరవిస్తాం, 'ఓల్గా నుంచి గంగకు' తరతరాలుగా చదువుతున్నాం. ఆయన లెనిన్‌గ్రాడ్‌లో లోలాను పెళ్లాడాడు. కొడుకు ఇగోర్ 1938లో పుట్టేనాటికే ఆయన భారతదేశం తిరిగి వచ్చేశాడు. మళ్లీ 1945 నుంచి 1947 వరకు అక్కడ విశ్వవిద్యాలయంలో బోధించాడు, మళ్లీ ఒంటరిగా వచ్చాడు. ఆయన యాత్రల గురించి మనకు ఆయన మాటల్లో ఎంతో తెలుసు. లోలా మాటల్లో మనం ఏం చదివాం? గొప్ప యాత్రికుడి గొప్పతనం తగ్గించడానికి ఈ ప్రశ్న అడగడం లేదు. యాత్ర అనే ప్రక్రియ ఎవరి మాటను వదిలేస్తుందో గుర్తించడానికే.

ఇప్పుడు రాతప్రతిలో నన్ను ఆపిన చోటు చెబుతాను. నూటడెబ్బయ్యో పేజీ. గోడ పక్కన కూర్చుని ఆ అమ్మాయి ఒక్కసారి మాట్లాడుతుంది: "మీ అమ్మ ఏం చేస్తుంది?" అతను, "ఇంట్లోనే ఉంటుంది" అంటాడు. తర్వాతి వాక్యంలో రైలు కదులుతుంది.

అసలు పుస్తకం అక్కడ మొదలు కావాలి. చూపు, శ్రమ, ప్రేమ మూడూ కలిసిన చోటు అదే. చేతిలో రాయి ఉంది, పక్కన ప్రేమించిన మనిషి ఉంది, ఎదురుగా సూటి ప్రశ్న ఉంది. అతను అబద్ధమాడాడు. పైగా ఆ అబద్ధాన్ని దాచకుండా రాశాడు, అంటే లోపల గుచ్చుకుంటూనే ఉంది. కాని రెండు వాక్యాల్లో దాటేశాడు.

ఈ మాట అనే అర్హత నాకెంతుందో కూడా చెప్పాలి. మా ప్రాంతానికి విదేశీయులు కొత్త కాదు. మా మండలంలోని మాచనూరులో 2008లో దళిత మహిళల సంఘం రేడియో మొదలయ్యాక, అంతకుముందు పాతపంటల పని వల్ల కూడా, చూడటానికి, నేర్చుకోవడానికి ఎందరో వచ్చారు. 2001లో జహీరాబాదు దగ్గర ఆల్గోల్‌లో సన్నకారు రైతులు, ఎక్కువగా ఆడవాళ్లు, జ్యూరీగా కూర్చుని వ్యవసాయ భవిష్యత్తు మీద 'ప్రజాతీర్పు' చెప్పారు. 2002లో ఆ తీర్పు లండన్‌లో పార్లమెంటు సభ్యుల దాకా వెళ్లింది. యూరప్ దారిలో మా నేల మాట కూడా ఒకసారి నడిచింది.

అలాంటి ఒక వేసవిలో మరో పల్లెకు వచ్చిన యూరప్ విద్యార్థులకు నేను దుబాసీగా వెళ్లాను. వాళ్లు పొలంలో దిగి పని చేయబోయారు. ఒక పెద్దమ్మ వాళ్లను కాసేపు చూసి నాతో అంది: "వీళ్లు ఈడికొచ్చి మన పని చేస్తున్నరు గద సారూ, ఆడ వీళ్లమ్మకు చేతికింద ఎవరున్నరు? అడుగు." పిల్లలు నా ముఖం వైపు చూశారు. "మీకు ధన్యవాదాలు చెబుతోంది" అన్నాను.

అతిథుల మనసు నొచ్చుకుంటుందనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె మాటలో నొప్పించేది ఏమీ లేదు. ఒక తల్లి మరొక తల్లి గురించి అడిగింది. సముద్రాల అవతల గోడ పక్కన ఆ పోలండు అమ్మాయి అడిగింది కూడా దాదాపు ఇదే. అక్కడ నా విద్యార్థి మింగేశాడు, ఇక్కడ నేను మింగేశాను. గురువుకు తగ్గ శిష్యుడే.

కనుక నా కొలత ఇది. ఎన్ని దేశాలు చూశాడన్నది వదిలేద్దాం. అవతలి మనిషి తిరిగి చూసినప్పుడు, తిరిగి అడిగినప్పుడు రచయిత ఏం చేశాడన్నది చూద్దాం. వర్ణన తక్కువైనా సరే, భాష తడబడినా సరే, ఆ ప్రశ్న పేజీ మీద నిలబడితే అది సాహిత్యమవుతుంది.

కిందటి నెల అతను ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ చదవలేదు సార్. చెల్లెతోని చదివించుకుని వింటది" అన్నాడు. భయంతో అన్నాడో, సిగ్గుతో అన్నాడో. "అయితే వినేటట్టు రాయి" అన్నాను. ఆ అధ్యాయం మళ్లీ రాసి పంపుతానన్నాడు. అది వచ్చిన రోజున ముందుమాట రాస్తాను.