శతాబ్దానికొక్క అతిథీ!

ఓ విశ్వకిరణమా! పేరు చెప్పని దానా, ఊరు చెప్పని దానా! పాలపుంతకు ఆవల ఏ గెలాక్సీ నడిబొడ్డునో, ఏ కృష్ణబిలం గుమ్మంలోనో, ఏ నక్షత్రం మరణవేదనలోనో పుట్టావు. పుట్టింది మొదలు పరుగే ప్రాణంగా, వేగమే వేషంగా, కాంతికి వెంట్రుకవాసి వెనకగా, కోట్ల ఏళ్ళ చీకటిని చీల్చుకుంటూ, నిలువ నీడ లేక, పలకరించే తోడు లేక వచ్చి మా గాలి గడప మీద వాలుతావు. అణువు గుండెలో ఇమిడేంత దానివి. ఆకాశం పట్టనంత బలం మోసుకొస్తావు. నీ కోసం ఇక్కడ ఒక మైదానమంతా నీళ్ళు నింపుకొని కూర్చుంది.

అర్జెంటీనాలో, మెండోసా రాష్ట్రంలో, మలార్గ్వే అనే చిన్న ఊరి పక్కన ఉందా మైదానం. పడమట ఆండీస్ మంచు శిఖరాలు, తూర్పున కనుచూపు ఆగేదాకా పొదలు, ఎండుగడ్డి, గాలి. 3,000 చదరపు కిలోమీటర్ల ఆ నేల మీద, ఒకదానికొకటి కిలోమీటరున్నర ఎడంగా, 1,600కు పైగా ట్యాంకులు. దగ్గరికి పోయి చూస్తే ఒక్కొక్కటీ ఇసుకరంగు ప్లాస్టిక్ గుండ్రం. నెత్తిన సోలార్ పలక, పక్కన బ్యాటరీ పెట్టె, పైకి చాచిన యాంటెన్నా. చుట్టూ ఆవులు మేస్తుంటాయి. లోపల 12,000 లీటర్ల అతి నిర్మలమైన నీళ్ళు, వెలుగు చొరబడని కటిక చీకటి. ఆ చీకటిలోకి మూడు గాజు కళ్ళు రెప్ప వాల్చకుండా చూస్తుంటాయి. ఎన్ని ఆలయాల గర్భగుడులు చూసినా, ఇంత చీకటిని ఇంత శ్రద్ధగా కాపాడే చోటు మరొకటి నాకు తెలియదు.

నువ్వు రావడమే ఒక ఉత్సవం. గాలిపొరల పైఅంచున ఏ నైట్రోజన్ అణువునో ఢీకొంటావు. ఒకటి రెండవుతుంది, రెండు పదులవుతాయి, పదులు వేలవుతాయి, వేలు లక్షలై, లక్షలు కోట్లై, కోట్లు వేల కోట్లై, కణాల కుంభవృష్టి నేల మీదికి దూకుతుంది. ఆ జల్లు దారి పొడవునా నైట్రోజన్ అతినీలలోహితంగా వెలుగుతుంది. మా కళ్ళకు అందని ఆ సన్నని వెలుగును అమావాస్యకు అటూ ఇటూ రాత్రుల్లో టెలిస్కోపులు ఏరుకుంటాయి. నేలను తాకిన కణాలు ట్యాంకుల్లోకి దూరి, నీటిలో కాంతి కంటే ముందు పరుగెత్తి, నీలి మెరుపై చెరెంకోవ్ కాంతిని చిమ్ముతాయి. పదుల చదరపు కిలోమీటర్ల మేర పడుతుంది నీ ఒక్కదాని పాదముద్ర! ఏ ట్యాంకు ముందు మెరిసింది, ఏది వెనక మెరిసింది అని లెక్కగట్టి, నువ్వు ఏ దిక్కు నుంచి దిగావో చెబుతారు.

ఎంత అరుదైన రాక నీది! నీలో మహాబలవంతమైనవి చదరపు కిలోమీటరుకు శతాబ్దానికి ఒకటి రాలడమే గగనం. 1991 అక్టోబరు 15న అమెరికాలోని యూటా ఎడారి మీద దిగిన నీ తోబుట్టువు 32 కోట్ల ట్రిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చింది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే క్రికెట్ బంతిలో ఉండే ఊపు అంతా ఒక్క కణంలో! జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగంలో మనుషులు పరుగెత్తించే ప్రోటాను దాని ముందు నాలుగు కోట్ల రెట్లకు పైగా చిన్నబోతుంది. 2021 మే 27న అదే యూటాలో ఇంకొకటి. జపాన్ శాస్త్రవేత్తలు దానికి తమ సూర్యదేవత అమతెరాసు పేరు పెట్టుకున్నారు. అది వచ్చిన దిక్కుకు తిరిగి చూస్తే గెలాక్సీలే దాదాపు లేని శూన్యం! ఎవరు పంపారమ్మా నిన్ను? ఏమీ లేని చోటి నుంచి ఇంత బలం ఎలా తెచ్చుకున్నావు?

ఈ ప్రశ్నలే శాస్త్రవేత్తలను ఒకచోటికి చేరుస్తాయి. 1947లో పోలండ్‌లోని క్రాకో నగరంలో మొదలైన విశ్వకిరణాల మహాసభ దేశదేశాలు తిరుగుతూనే ఉంది. 1963లో జైపూర్‌కు, 1983లో బెంగళూరుకు, 2005లో పుణెకు వచ్చింది. కానీ నా మనసు మాత్రం మలార్గ్వే మీదే. నవంబరులో, ఆ దక్షిణపు వసంతంలో, ఎన్నో దేశాల వాళ్ళు అక్కడికి చేరుకుంటారు. ఊరి పండుగ ఊరేగింపులో ఊరివాళ్ళతో కలిసి నడుస్తారు. ఇక హాల్లోకి వెళ్ళి తలుపులు మూసుకుంటే, నువ్వే మాట, నువ్వే పాట, నువ్వే తగవు. నువ్వు ప్రోటానువా, ఇనుప కేంద్రకానివా? శక్తి పెరిగేకొద్దీ నీ బరువు పెరుగుతోందని దక్షిణాన ఈ ట్యాంకుల వాళ్ళంటే, మా లెక్కలు వేరని ఉత్తరాన యూటా వాళ్ళంటారు. కంప్యూటర్ చెప్పినదాని కంటే మ్యూయాన్ కణాలు ఎక్కువ రాలుతున్నాయెందుకని ఒకరు తల పట్టుకుంటారు. సప్తర్షి మండలం దగ్గరి నుంచి ఎక్కువ వస్తున్నావని ఒకరు, సెంటారస్-ఎ గెలాక్సీ వైపు చూడమని మరొకరు. నీకు విద్యుదావేశం ఉంది. దారిలోని అయస్కాంత క్షేత్రాలు నిన్ను వంచి, తిప్పి, నీ పుట్టింటి దారిని చెరిపేస్తాయి. అందుకే ఇంత వాదులాట. నీలో బలమైనవి మన పాలపుంత బయటి నుంచి వస్తున్నాయని 2017లో తేల్చడానికే పుష్కరానికి పైగా పోగుచేసిన లెక్కలు కావలసి వచ్చాయి. తమ జీవితకాలంలో జవాబు దొరుకుతుందన్న హామీ లేకుండా, వయసంతా నీకు ధారపోసే ఆ మనుషులకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. శాస్త్రవేత్తలు జేమ్స్ క్రోనిన్, ఆలన్ వాట్సన్ కలలు కని కట్టించిన గుడి ఆ ట్యాంకుల మైదానం. క్రోనిన్ 2016లో వెళ్ళిపోయాడు. ట్యాంకులు ఇంకా చూస్తూనే ఉన్నాయి.

మరి నీ చెల్లెలు న్యూట్రినో! దారి తప్పని పిల్ల, దేనికీ లొంగని పిల్ల. ఆవేశం లేదు, వంపు లేదు; కొండల్లోంచి, కడలిలోంచి, భూగోళంలోంచి, మా దేహాల్లోంచి సూటిగా సాగిపోతుంది. విశ్వమంతా నిండిన తొలినాటి మసక వెలుగును నువ్వు గుద్దుకుని నీరసించే చోట కూడా ఆమె పుడుతుంది. గ్రైసెన్, జాట్సెపిన్, కుజ్మిన్ 1966లోనే లెక్కగట్టిన తాకిడి అది. అక్క జాడ చెల్లెలు చెబుతుందన్న ఆశతోనే ఇద్దరి ముచ్చటా ఒకే సభలో. దక్షిణ ధ్రువంలో ఒక ఘన కిలోమీటరు మంచులో 5,160 గాజు గోళాలను వేలాడదీసి ఆమె కోసం చూశారు. 2017 సెప్టెంబరు 22న మృగశిర, ఆర్ద్ర మెరిసే దిక్కు నుంచి ఒకతె వచ్చింది. వెతికితే అదే దిక్కున, కోట్ల కోట్ల మైళ్ళ ఆవల, ఒక బ్లేజార్ గెలాక్సీ భగభగ మండుతోంది! 2023 ఫిబ్రవరి 13న సిసిలీ తీరాన, మధ్యధరా సముద్రంలో 3,450 మీటర్ల లోతున, 220 పెటా ఎలక్ట్రాన్ వోల్టుల ఇంకొకతె తళుక్కుమంది. అంతటి న్యూట్రినోను అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు.

ఓ అక్కాచెల్లెళ్ళారా! మీకు మా నేల కొత్త కాదు. అక్కా, 1912లో విక్టర్ హెస్ బెలూను ఎక్కి నిన్ను కనుగొన్నాడు. ఆ తరవాత నీ కోసం హైదరాబాదు ఆకాశంలోకీ బెలూన్లు లేచాయి. చెల్లెలు మాత్రం పాతాళాన్ని ఎంచుకుంది. చిత్తూరు సీమ నుంచి వలసపోయిన తెలుగు కూలీలు, వాళ్ళ పక్కన తమిళ కూలీలు తరతరాలుగా బంగారం తవ్విన కోలారు గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, వేడిలో, ఉక్కలో, భారత, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టి కాచుకున్నారు. మా గాలిలో నువ్వు కన్న న్యూట్రినోలను 1965లో పట్టుకున్నారు. దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలోనూ అదే ఏడు. మనిషి వాతావరణ న్యూట్రినోను తొలిసారి చూసిన చోట్లు ఈ రెండే.

కోలారు గని 2001లో మూతపడింది. దాని బంగారం కథ మన పిల్లలకు సినిమా చెప్పింది. న్యూట్రినో కథ చెప్పాల్సింది మీరే, సైన్సు మాస్టార్లూ! ఈ ఏడు అణువు పాఠం దగ్గరికి వచ్చినప్పుడు, సిలబస్ పక్కన పెట్టి, ఒక్క పీరియడు ఆ గనికి ఇవ్వండి.