పూజకెళ్లే పువ్వు, కబురు తెచ్చే పువ్వు

కలంకారీ అనగానే మన తిరుపతి, చిత్తూరు వైపు ఆడవాళ్లకి ముందు గుర్తొచ్చేది శ్రీకాళహస్తి. రామాయణాన్ని గళ్లు గళ్లుగా వేసి, కింద తెలుగులో కథ రాసిన ఆ పెద్ద గుడ్డల్ని చూడనిదెవరు? బెల్లమూ ఇనపముక్కలూ ఊరబెట్టిన నల్లరంగుతో, వెదురుపుల్లతో రాముణ్ణి గీస్తారక్కడ. అయితే ‘కలం’, ‘కారీ’ అన్న రెండు మాటలూ పారశీకంనుంచి వచ్చినవే. మన రాముడి కథకి పేరు పెట్టింది ఆ భాష!

ఆ పేరుతోనే మచిలీపట్నంలో ఇంకో పని ఉంది. అక్కడ ఎక్కువగా చెక్క అచ్చులతో అద్దుతారు. బొమ్మలు తక్కువ, పువ్వులు బోలెడు. గోల్కొండను కుతుబ్‌షాహీలు (1518–1687) ఏలిన రోజుల్లో అక్కడి అద్దకాలు ఓడలెక్కి పారశీకానికి వెళ్లేవి. ఆ దేశపు అభిరుచి మన అచ్చుల్లోకి దిగింది.

“వాళ్ల మతంలో బొమ్మలు కూడదు గదా, అందుకని పువ్వులతో సరిపెట్టుకున్నారు” అంటుంటారు చాలామంది. ఇది సగం నిజమే. మసీదులో బొమ్మలుండవు గాని, గోల్కొండ దర్బారు చిత్రకారులు మనుషుల్ని ముచ్చటగా వేశారు. పువ్వు వాళ్లకి గతిలేక పట్టుకున్నది కాదు. ఖురాను స్వర్గాన్ని కింద సెలయేళ్లు పారే తోటలుగా చెబుతుంది. స్వర్గానికి వాళ్లు చెప్పే ‘ఫిర్దౌస్’ అన్న మాటకి మూలార్థం చుట్టూ గోడ కట్టిన తోట అనే.

ఇది తెలిశాక పాత మచిలీపట్నం గుడ్డ చూడండి. మసీదు గోడలో ఉండే కమాను గూడులాంటి చట్రం, అందులో ఒక చెట్టు. ఒకే చెట్టుకి నాలుగైదు రకాల పువ్వులు! మన పెరట్లో ఇది సాధ్యమా? కాదు. వాడిపోవడమన్నది లేని తోటలో సాధ్యం. అంచున తీగె ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియదు. అంతం లేనిదాన్ని అలా గీశారు.

కాళహస్తి గుడ్డలో పువ్వు దేవుడి చేతిలోనో, పీఠం కిందనో, బొమ్మల మధ్య ఖాళీలోనో ఉంటుంది. మచిలీపట్నం గుడ్డలో పువ్వే కథ. మన పువ్వు పూజకెళ్తుంది, ఆ పువ్వు కబురు తెస్తుంది. ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. రెండూ తెలుగు చేతులు చేసినవే. అలాంటప్పుడు ‘ఇది మనది, అది సాయిబులది’ అని గీత గీయడం ఎలా కుదురుతుంది?

నా ఫిర్యాదల్లా ఇవాళ్టి వాడకం మీదే. ఆ చెట్టుని దిండు గలీబుకని నడుముకి కత్తిరిస్తున్నారు. కమాను ఒక ముక్కలో, పువ్వులు ఇంకో ముక్కలో. రాముణ్ణి అలా సగానికి కోయడానికి మనకి చెయ్యాడుతుందా? ఈసారి అలాంటి గుడ్డ కొంటే కత్తెర తియ్యకండి. గోడకి నిండుగా వేలాడదీసి చూడండి. తోట మొత్తం కనపడుతుంది.