నగర వేసవి కళోత్సవాల్లో జానపద కథాగానం: ఒక పరిశీలన

ప్రదర్శన కళల విమర్శలో మనం సాధారణంగా ప్రదర్శననే చూస్తాం. పాడినవారెవరు, ఏ సంప్రదాయానికి చెందినవారు, ఎలా పాడారు అని అడుగుతాం. వారికి ఎంతసేపు ఇచ్చారు, ఆ సమయాన్ని ఎవరు నిర్ణయించారు అని అడగం. పెద్ద నగరాల్లో వేసవిలో జరిగే బహుళ సంస్కృతుల ఉత్సవాలను అంచనా వేయడానికి ఈ రెండో ప్రశ్నే ముఖ్యమని నా అభిప్రాయం. ఎందుకో హైదరాబాద్ ఉదాహరణతో వివరిస్తాను.

2014 తరువాత హైదరాబాద్‌లో వేసవి చివర ఒక పెద్ద సందర్భం ఏర్పడింది. అది జూన్ 2, రాష్ట్ర అవతరణ దినోత్సవం. 2023లో దశాబ్ది ఉత్సవాల పేరుతో 21 రోజులు వేడుకలు జరిగాయి. 2024లో జూన్ 2 సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద ఉత్సవం జరిగింది. ఇవి ముగిసిన కొద్ది వారాలకే ఆషాఢ బోనాలు మొదలవుతాయి. ఆదిలాబాద్ గోండుల గుస్సాడి, కోయల కొమ్ము నృత్యం, లంబాడీల ఆట, డప్పు, పేరిణి, ఒగ్గుడోలు ఇప్పుడు రాజధాని వేడుకల్లో తరచుగా కనిపిస్తున్నాయి. దీన్ని తక్కువ చేసి చూడకూడదు. మా తరం విద్యార్థులుగా ఉన్నప్పుడు నగరంలో కళ అంటే శాస్త్రీయ నృత్యం, పద్యనాటకం, గజల్. గుస్సాడి నర్తకుడు కనక రాజుకు 2021లో పద్మశ్రీ రావడాన్ని ఈ మార్పులో భాగంగానే చూడాలి.

అయితే పై జాబితాను మళ్ళీ ఒకసారి చదవండి. అందులో ఒగ్గుడోలు ఉంది, ఒగ్గుకథ లేదు. ఈ తేడా చిన్నది కాదు. ఒగ్గుకథ కురుమ, గొల్ల సమాజాలకు సంబంధించిన కథాగానం. ప్రధాన కథకుడు కథ నడుపుతాడు. సహాయకుడు పాత్రలు మార్చి అభినయిస్తాడు. డోలు, తాళం వారికి తోడుంటాయి. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పాలంటే పట్నం వేయాలి, దేవుణ్ణి పిలవాలి, ఆ తరువాతే కథ మొదలవుతుంది. అది రాత్రంతా సాగుతుంది, కొన్ని సందర్భాల్లో రోజుల తరబడి సాగుతుంది. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న చుక్క సత్తయ్య పేరు మీరు వినే ఉంటారు. ఆయన కథకుడుగా ప్రసిద్ధుడు. నేడు ఊరేగింపుల్లో మనం చూస్తున్నది కథకుడు లేని డోలు బృందం. పదుల సంఖ్యలో యువకులు వరుసలు కట్టి, అడుగులు వేస్తూ, ఒకరి భుజాలపై ఒకరు నిలబడి డోళ్ళు కొడతారు. చూడటానికి బాగుంటుంది, నిస్సందేహంగా.

ఈ విభజన ఎలా జరుగుతుందో నేను దగ్గరనుంచి చూశాను. చాలా ఏళ్ళ క్రితం ఒక నగర ఉత్సవానికి బృందాలను ఎంపిక చేసే సంఘంలో నేనూ ఒకణ్ణి. ఒక ఒగ్గు బృందానికి ఎనిమిది నిమిషాలు కేటాయించాం. బృంద నాయకుడు అడిగాడు: "సారూ, ఏ ఎనిమిది నిమిషాలు? పుట్టుడు చెప్పాల్నా, లగ్గం చెప్పాల్నా? దేవుణ్ణి పిలిచేటందుకే అంతకన్న ఎక్కువ వడతది." మా దగ్గర సమాధానం లేదు. చివరికి కథ వద్దు, డోలు చాలు అన్నాం. ఆ నిర్ణయానికి నేనూ చెయ్యెత్తాను. ఆ సాయంత్రం చప్పట్లు బాగానే మోగాయి.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఊరేగింపు, మిశ్రమ వేదిక అనే రూపాలే అలాంటి ఎంపిక చేస్తాయి. దూరానికి వినిపించేది, రంగుగా కనిపించేది, భాష తెలియనివారికీ అర్థమయ్యేది మాత్రమే అక్కడ నిలుస్తుంది. బహుళ సంస్కృతుల ఉత్సవంలో ప్రేక్షకులు పలు భాషలవారు కావడం వల్ల మాట మరింత వెనుకబడుతుంది. కథాగానంలో కళ ఉన్నది మాటలోనే. ఏ ఊళ్ళో చెబితే ఆ ఊరి సంగతి కథలోకి లాగడం, నిద్రపోతున్నవాణ్ణి పేరు పెట్టి లేపడం, నవ్వించిన వెంటనే ఏడిపించడం ఎనిమిది నిమిషాల్లో కుదిరేవి కావు.

వేసవికీ ఈ కళలకూ ఉన్న పాత సంబంధాన్ని కూడా గమనించాలి. మాది ఆత్మకూరు. మా మెట్ట పొలాల్లో యాసంగి జొన్న కోత అయిపోయాక రైతుకు తీరిక, గాదెలో గింజలు ఉండేవి. కథ చెప్పేవారికి ఆ గింజలే వేతనం. వెన్నెల రాత్రుల్లో కథ వినడానికి ఎవరికీ తొందర ఉండేది కాదు. మరి అదే వేసవిలో, పని దొరకని పాలమూరు కుటుంబాలు పిల్లాజెల్లాతో నగరాలకు, ప్రాజెక్టు పనులకు వలస వెళ్ళేవి. వినేవాళ్ళే ఊళ్ళో లేనప్పుడు కథకుడు ఎవరికి చెప్పాలి? కథాగానం తగ్గిపోయిందంటే దానికి నగర వేదిక ఒక్కటే కారణం కాదు.

పూర్వకాలాన్ని మరీ పొగడటం కూడా పొరపాటే. ఆత్మకూరు అమరచింత సంస్థానానికి రాజధాని. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు పండితులను పోషించాయి. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలు చేశారు. పద్యానికి గంటల కొద్దీ ఓపికగా చెవి ఒగ్గిన ఆ సభల్లో కిన్నెరకు చోటు లేదు. దక్కలివారి కిన్నెర మాదిగవాడలోనే మోగింది. సమయం ఎవరికి ఇవ్వాలన్నది కులాన్ని బట్టి నిర్ణయమైన కాలం అది. ఆ లెక్కన నేటి ఎనిమిది నిమిషాలు ఒక మెట్టు పైనే.

వేరే నమూనా ఏదైనా ఉందా? వాషింగ్టన్ నగరంలో స్మిత్సోనియన్ సంస్థ 1967 నుంచి జూన్ చివర, జూలై మొదట్లో జానపద జీవన ఉత్సవం నిర్వహిస్తోంది. 1985లో అందులో భారతదేశానికి 'మేళా' పేరుతో ఒక విభాగం ఇచ్చారు. దాని రూపకల్పనలో రాజీవ్ సేథీ ప్రముఖ పాత్ర వహించారు. దాన్ని మన జాతర పద్ధతిలో ఏర్పాటు చేశారు. వృత్తికారులు కూర్చుని పనిచేస్తుంటే, చూడవచ్చినవారు దగ్గరికి వెళ్ళి ప్రశ్నలు అడగవచ్చు, నిలబడి చూడవచ్చు. అక్కడ ఎంతసేపు ఉండాలో చూసేవాడే నిర్ణయించుకుంటాడు. మన కురుమూర్తి జాతర తెలిసినవారికి ఇది కొత్త కాదు. అక్కడికి వెళ్ళిన గారడీవాళ్ళ, వీధి కళాకారుల విషయంలో మరో సంగతి ఉంది. ఢిల్లీకి వర్తింపజేసిన 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం ప్రకారం, బహిరంగ స్థలంలో పాడి, ఆడి డబ్బు అడగటం కూడా భిక్షాటన కిందికే వస్తుంది. అంటే పరాయి రాజధానిలో అతిథి అయిన కళాకారుడు సొంత రాజధాని వీధిలో నేరస్థుడు. ఆ చట్టంలోని శిక్షా నిబంధనలు ఢిల్లీలో చెల్లవని అక్కడి హైకోర్టు తీర్పు చెప్పేసరికి 2018 వచ్చింది.

మన దగ్గరి ఉదాహరణ దర్శనం మొగులయ్య. నల్లమల అంచున, నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన ఆయన పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న వంటి పాలమూరు వీరుల కథలు పాడతాడు. ఒక సినిమా పాట ఆరంభంలో కొద్దిసేపు వినిపించిన ఆయన గొంతు రాష్ట్రమంతటికీ చేరింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 వేసవిలో హైదరాబాద్ శివార్లలో ఆయన కూలిపని చేస్తున్నాడన్న వార్త పత్రికల్లో వచ్చింది. గుర్తింపు వేరు, బతుకుతెరువు వేరు అని దీని గురించి చాలామంది రాశారు, అది నిజమే. నా ప్రశ్న ఇంకొకటి. సాయన్న కథను మొదటినుంచి చివరివరకు కూర్చుని విన్నవారు మనలో ఎందరు? కథకుడికి వేతనం కథ మొత్తానికి ఇవ్వాలి. మనం ఇస్తున్నది, శాలువాతో కలిపి, పల్లవికి మాత్రమే.

అభ్యాసం: ఈ వేసవిలో మీ దగ్గరి పట్టణంలోనో నగరంలోనో ఒక కళోత్సవానికి వెళ్ళండి. ప్రతి బృందం వేదిక మీద ఎన్ని నిమిషాలు ఉందో, అందులో మాట ఎంతో, వాద్యం ఎంతో గడియారం చూసి రాసుకోండి. కార్యక్రమం అయ్యాక ఒక కళాకారుణ్ణి కలిసి, తమ ఊళ్ళో ఇదే ప్రదర్శన ఎంతసేపు సాగుతుందో, ఇక్కడ వదిలేసింది ఏమిటో అడగండి. వారు వదిలేసిన భాగాన్ని వారి మాటల్లోనే రెండు పేజీల్లో రాయండి.