అద్దములోని పద్దులు: ప్రతిబింబ డిస్కులపై ఒక విమర్శ

కంప్యూటరులోని డిస్కు చెడిపోయిన యెడల అందులోని సమాచారము పోవును. దీనికి విరుగుడుగా ఒకే సమాచారమును రెండు డిస్కులపై ఏకకాలమున వ్రాయు పద్ధతి యొకటి కలదు. ఆంగ్లమున దీనిని ‘మిర్రరింగ్’ అందురు. మనము ప్రతిబింబ పద్ధతి అనవచ్చును. ప్రత్యేక పరికరము అక్కరలేకుండ విండోస్, లినక్స్ వంటి సాఫ్ట్‌వేరే ఈ పని చేయగలదు గనుక, ఖర్చు రెండవ డిస్కు వెలతో సరిపోవును. నకరికల్లు వంటి ఊరిలో ఒక ఎరువుల దుకాణదారు రైతుల అరువు పద్దుల కొరకు దీనిని అమర్చుకొనదలచె ననుకొందము. ఆలోచన మంచిదే. కాని ఈ పద్ధతిని గూర్చి సాధారణముగా చెప్పు మాట సగము సత్యము మాత్రమే. చెప్పని సగములోనే పద్దులు పోవుచున్నవి.

చెప్పిన సగమునకు పునాది గట్టిది. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు ‘రెయిడ్’ పద్ధతులను వివరించుచు ఒక పత్రము ప్రకటించిరి. ఒక్కొక్క డిస్కు సగటున 30,000 గంటలు పనిచేయునని అనుకొన్నచో, 100 డిస్కుల సమూహములో ఏదో యొకటి సగటున 300 గంటలకే, అనగా రెండు వారములలోపే, చెడునని వారు లెక్క కట్టిరి. అదనపు ప్రతి యొకటి యుండవలెనని దాని సారాంశము. వారు వర్ణించిన మొదటి అంతస్తు ప్రతిబింబమే. ఆ లెక్క నేటికిని చెల్లును. అయితే అది డిస్కు చెడుటను గూర్చిన లెక్క. మనిషి చేయి తప్పుటను గూర్చినది కాదు. ఈ భేదమును మరచి ‘రెండు డిస్కులున్నవి, ఇక భయము లేదు’ అని చెప్పువారిది దోషము.

‘ప్రతి’ అను మాటకు మనవారి చరిత్రలో వేరొక అర్థమున్నది. 1829లో వేమన పద్యములను ప్రచురించిన సి.పి. బ్రౌను అనేక వ్రాతప్రతులను సేకరించి, ఒకదానితో నొకటి పోల్చి పాఠమును నిర్ణయించెను. ప్రతులు వేరువేరు చేతులలో పెరిగినవి గనుకనే ఒకదాని తప్పును మరొకటి పట్టియిచ్చెను. ప్రతిబింబ డిస్కులకు ఆ గుణము లేదు. మొదటి దానిపై పద్దు చెరిపిన క్షణముననే రెండవ దానిపైనను చెరిగిపోవును. 2009 జనవరిలో ‘జర్నల్‌స్పేస్’ అను రచనా వేదిక ఈ కారణముననే నిలిచిపోయెను. దానికి ప్రతిబింబ డిస్కులున్నవి. రెంటిపైనను సమాచారము తుడిచివేయబడెను. వేరొక ప్రతి లేదు.

ఇంతకంటె పెద్ద ప్రమాదము అమర్చు వేళనే కలదు. సాగరు కాలువకు ఎగువ, దిగువ యున్నట్లే తొలి నకలుకును ఒక దిశ యున్నది. ఒక డిస్కులోనిది రెండవ దానిపైకి పారును. అక్కడ ముందున్నది కొట్టుకొనిపోవును. నిండు డిస్కుపైకి ఖాళీ డిస్కు పారినచో మిగులునది రెండు ఖాళీ డిస్కులు! లినక్సులోని ‘ఎండీఆడమ్’ అను పనిముట్టు మరియొక చిక్కు తెచ్చును. అది తన గుర్తులను సాధారణముగా డిస్కు భాగము మొదటనే, 4 కిలోబైట్ల దూరమున వ్రాసి, సమాచారమునకు చోటు ఇంకను లోపల కేటాయించును. ఆ భాగముపై అదివరకే ఫైళ్లున్నచో, క్రొత్త జంటలో వాటి ఆరంభము కానరాదు. ‘ఖాళీగా నున్నది గదా’ యని ఫార్మాటు చేసినవాడు మిగిలినదానిని గూడ పోగొట్టుకొనును. ఇక్కడ పాత ఫైళ్లున్నట్లున్నవి, కొనసాగింతువా యని ఆ పనిముట్టు అడుగును, నిజమే. కాని ఏది పోవునో, ఏ దిశగా పారునో చెప్పని ప్రశ్నకు క్రొత్తవాడు ‘అవును’ అనుటలో వింతయేమి?

అనుభవజ్ఞులును దీనికి అతీతులు కారు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో అనుసరించు డేటాబేసును ఖాళీ చేయబోయి ప్రధానమైనదానినే తొలగించిరి. అది డిస్కుల ప్రతిబింబము కాదు, యంత్రముల నడుమ నకలు. అయినను పొరపాటు జాతి యొక్కటే. ఆరు గంటల క్రిందటి ప్రతి వేరుగా నుండుటచే తక్కినది దక్కినది.

జాగ్రత్తపరులు చెప్పు మార్గమొకటి కలదు. క్రొత్త డిస్కుతో మాత్రమే జంటను ప్రారంభించి, రెండవ స్థానమున ‘మిస్సింగ్’ అని వ్రాసి, ఫైళ్లను అందులోనికి నకలు చేసి, సరిచూచి, పిమ్మట పాత డిస్కును చేర్చుట. ఇది మేలైన మార్గమే. కాని దీనిలోను ఒక గండము కలదు. పాత డిస్కును చేర్చిన క్షణము నుండి అందలి పాత ప్రతి చెరుగుచుండును. నిన్న కొన్న డిస్కొక్కటే దిక్కు. 4 టెరాబైట్లనగా 4 లక్షల కోట్ల బైట్లు. సెకనుకు 10 కోట్ల చొప్పున వ్రాసినను 40,000 సెకనులు, అనగా సుమారు 11 గంటలు పట్టును. ఆ 11 గంటలలో క్రొత్త డిస్కు చెడినచో పద్దులు ఎక్కడను లేవు.

కావున పాఠము చెప్పువారు వరుస మార్చవలెను. మొదట మూడవ డిస్కుపై విడి ప్రతి తీసి, దానిని తెరచి చూచి, యంత్రము నుండి ఊడదీసి వేరొక చోట ఉంచవలెను. డిస్కులను గుర్తించుటకు యంత్రమిచ్చు పేరును గాక, వాటిపైనున్న క్రమ సంఖ్యను చూడవలెను. ఆ పేర్లు యంత్రమును మరల నడిపినప్పుడు మారవచ్చును. అటు పిమ్మటనే ప్రతిబింబము. డిస్కు చెడిన నాడు దుకాణము మూతపడకుండ కాపాడునది అద్దము. పద్దు పోయిన నాడు రైతుకును, దుకాణదారునకును న్యాయము చేయగలది ఆ విడి ప్రతి మాత్రమే.