పలకమీది మంచు

మా అమ్మాయి సిరాక్యూస్ నగరమున కాపురముండుటచే, అక్కడ గడపిన రెండు శీతకాలములలో నాకొక వింత వ్యసనము పట్టుపడినది. తెల్లవారగనే, కాఫీ సైతము త్రాగక, కోటు తగిలించుకొని పెరటిలోనికి పోయి, తెల్లరంగు పూసిన చదరపు చెక్కపలకమీద స్కేలు నిలువుగా దించి, రాత్రి పడిన మంచును అంగుళములో పదవవంతువరకు చదివి, పుస్తకమున వ్రాసికొని, పలకను చీపురుతో తుడిచి, పేరిన మంచుమీద మరల పరచి రావలెను. చేతితొడుగు ఉన్నచో పెన్సిలు నిలువదు. తీసినచో వ్రేళ్లు నిలువవు. లోనికి రాగనే ఎనిమిదేండ్ల మనుమరాలు, "తాతయ్యా, ఇవాళ ఎంత?" అనును.

"నాలుగున్నర."

"మరి బఫెలోలో?"

ఈ రెండవ ప్రశ్న మా చిన్నదాని సొంతము కాదు, ఆ సీమవారందరిది. న్యూయార్క్ రాష్ట్రపు ఎగువభాగమున సిరాక్యూస్, బఫెలో, రోచెస్టర్, బింగ్‌హాంటన్, ఆల్బనీ అను ఐదు నగరములు ఏయేటికాయేడు ఎవరికెక్కువ మంచు పడెనో లెక్కించుకొని, గెలిచినవారికి ‘గోల్డెన్ స్నోబాల్’ అను బహుమానము కట్టబెట్టును. నెలల తరబడి పారతో మంచెత్తి నడుములు పోయిన జనులే, తీరా లెక్క వచ్చుసరికి పొరుగూరికంటె రెండంగుళములు తగ్గినదని చిన్నబుచ్చుకొందురు. తరచుగా గెలుచునది సిరాక్యూసే. దానికి మంచు పంపు అంటారియో సరస్సు మిక్కిలి లోతైనదగుటచే చలికాలమంతయు పూర్తిగా గడ్డకట్టక, పైన వీచు శీతవాయువులకు ఆవిరి నందించుచునే యుండును. బఫెలో నానుకొనిన ఈరీ సరస్సు లోతు తక్కువది, గడ్డకట్టిన యేట నడిచలికాలముననే కొట్టు మూసివేయును. 1992 మార్చిలో సిరాక్యూస్ నగరసభవారు విసిగి, రానున్న క్రిస్మస్ ముందునాటివరకు మంచు కురియుట నిషిద్ధమని పరిహాసముగా తీర్మానము చేసిరి. ఆ వెంటనే వచ్చిన చలికాలమున పడినది 192.1 అంగుళములు, అనగా 16 అడుగులు. అంతకుమునుపు ఆ నగరమెన్నడు నెరుగని మొత్తము.

పలకతో చెలిమి పెరిగినకొలది నాకొక అనుమానము బలపడినది. వాన నీటిని గిన్నెలో పట్టితిమా, కొంత తడవాగి కొలిచినను ఇంచుమించుగ అంతే యుండును. మంచు అట్లు కాదు. పడిన క్షణమునుండి తన బరువునకు తానే అణగుచు, గాలికి జరుగుచు, ఎండకు కరగుచు నుండును. సరస్సులమీదుగా వచ్చు పొడిమంచు దూదివంటిది, ఇరువది అంగుళములు కరగించినను ఒక్కొక్కప్పుడు అంగుళము నీరుండదు. గంటకొకసారి కొలిచి తుడిచి కూడినవానికి పెద్ద మొత్తము, దినమునకొకసారి కొలిచినవానికి చిన్న మొత్తము వచ్చును, ఇద్దరికిని ఆకాశమొక్కటియే. అందుచేతనే అమెరికా వాతావరణశాఖవారు ఆరుగంటలు గడువక పలక తుడువరాదని, దినమునకు నాలుగు కొలతలు మించరాదని కట్టడిచేసిరి. 1997 జనవరిలో, అంటారియో సరస్సునకు తూర్పుననున్న మాంటేగ్ అను పల్లెయందు ఒక్కదినములో 77 అంగుళములు పడినదని వార్త మ్రోగినది. విచారింపగా ఆ పరిశీలకుడు ఆరుమారులు కొలిచెనని తేలి, పెద్దలు దానిని త్రోసిపుచ్చి, 1921లో కొలరాడోలోని సిల్వర్ లేక్ వద్ద నమోదైన 75.8 అంగుళములకే మరల పీటవేసిరి. పాపము, ఆయన చేసిన నేరమెల్ల శ్రద్ధ ఎక్కువగుటయే! జపానులోని అవోమోరి నగరమున ఏటేట సగటున 5 మీటర్లకు పైబడి పడునని విని మా సిరాక్యూసువారు నోరు తెరతురు గాని, అక్కడ పేరిన మంచు ఎత్తును యంత్రము గంటగంటకు చూచి పెరుగుదలలను కూడును. పలకకు పలకతో పోటీ చెల్లును. పలకకు యంత్రముతో ఎట్లు చెల్లును?

పలకకు అందనిదియు కలదు. 1976-77 చలికాలమున బఫెలో మొత్తము 199.4 అంగుళములు. కాని ఆ నగరము నేటికిని కథలుగా చెప్పుకొను 1977 జనవరి 28నాటి తుపానులో ఆకాశమునుండి క్రొత్తగా పడినది సుమారు అడుగు మాత్రమే. డిసెంబరులోనే గడ్డకట్టిన ఈరీ సరస్సుపై నెలన్నరగా పేరుకొనియున్న పొడిమంచును గాలి ఎత్తుకొనివచ్చి వీధులలో కుమ్మరించినది. కార్లలో చిక్కుకొనియే కొందరు ప్రాణములు విడిచిరి. ఇండ్లను పూడ్చిన ఆ మంచులో పెద్దపాలు బఫెలో పద్దులో ఎన్నడును చేరలేదు.

మా అనంతపురపు రైతు వాన వెలిసినపిమ్మట అంకె అడుగడు. పొలమునకు పోయి, పారతో మన్ను తిరుగవేసి చూచి, "జానెడు పదునైంది" అనును. అది పడిన వాన లెక్క కాదు, నేల త్రాగిన వాన లెక్క. ఈ మాట మనుమరాలికి చెప్పితిని. "అయితే బఫెలో వాళ్లతో ఎలా పోల్చేది?" అన్నది.

ఒక ఆదివారము తెల్లవారుజామున పెరటిలోనికి పోగా, తలుపునుండి పలకవరకు చిన్నబూట్ల జాడలు కనబడినవి. గోడకానించిన చీపురు నేలపై పడియున్నది. ప్రక్కన మెట్లమీద మంచు ఐదంగుళములు, పలకమీద రెండు. పుస్తకము తెరువగా, నా వ్రాతక్రింద వంకరటింకర అక్షరములతో, "రాత్రి 8కి - 2, 9కి - 2" అని యున్నది. ఆనాడు బఫెలో మెట్లలెక్కకంటె అరంగుళము ముందున్నది, మనుమరాలి లెక్కకంటె అరంగుళము వెనుకబడినది. పెన్సిలు చేతబట్టుకొని వంటయింటి బల్లవద్ద చాలసేపు నిలుచుంటిని.