యోసెమిటీలో తాళం, తీర్థన్‌లో గేటు

కాలిఫోర్నియాలోని యోసెమిటీ, హిమాచల్‌లోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు రెండూ చూసొచ్చిన మనవాళ్లను కదిలిస్తే మాట వెంటనే జంతువుల లెక్కలోకి దిగుతుంది. అక్కడ ఎలుగుబంటి కారు పక్కనుంచే పోయింది, ఇక్కడ రోజుల తరబడి నడిచినా పిట్ట ఈక కూడా దొరకలేదు, కాబట్టి అదే గొప్ప. ఈ కొలత నాకు ఎప్పుడూ నచ్చలేదు. జంతువు ఎదురుపడుతుందా, దాక్కుంటుందా అన్నది చాలావరకు అక్కడ మనిషి ఇన్నాళ్లూ ఎలా మసలాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు బాటల సంగతి. యోసెమిటీ బాటలు చూపు కోసం కట్టినవి. మిస్ట్ ట్రెయిల్‌లో వర్నల్ జలపాతం తుంపర్లలో తడుస్తూ రాతిమెట్లు ఎక్కుతాం. హాఫ్ డోమ్ కొండ చివరి నున్నటి బండకు సియెర్రా క్లబ్ వాళ్లు 1919లోనే ఉక్కుతాళ్లు బిగించారు. ఆ తాళ్ల మీద జనం కిక్కిరిసిపోవడంతో 2010లో పర్మిట్లు మొదలయ్యాయి. ఇప్పుడు రోజుకు సుమారు 300 మందికే, అదీ లాటరీలో పేరొస్తేనే. తిరుమల దర్శనం టికెట్లకు అలవాటుపడిన ప్రాణాలకు ఇదేమంత వింత కాదు.

గ్రేట్ హిమాలయన్ పార్కు వైపున్న తీర్థన్ లోయలో గుషైనీ ఊరి నుంచి పైకి పోయే దారులు అలా కట్టినవి కావు. గొర్రెల మందలు, మూలికలకు పోయేవాళ్లు, దేవుడి పల్లకి మోసేవాళ్లు నడిచి నడిచి పడినవే చాలామటుకు. ఇక్కడ కైల్ పైన్, అక్కడ దేవదారు, ఇంకా పైన ఓక్. ఎక్కడా ఆగి ఫొటో తీసుకోమని దారి మనల్ని బతిమాలదు. నడకగా నా ఓటు దీనికే.

నియమాల దగ్గరికొస్తే మాత్రం ఓటు మారుతుంది. యోసెమిటీలో 1920లు, 30లలో ఎలుగులకు చెత్త పోసి, అవి తింటుంటే జనాన్ని కూర్చోబెట్టి చూపించారు. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగులు తరవాత కార్ల తలుపులు పీకాయి. ఒక్క 1998లోనే ఇలాంటి ఘటనలు 1,584. అప్పుడు పార్కు మనిషి మీద గట్టిగా కన్నేసింది. క్యాంపుల్లో ఇనుప పెట్టెలు, కొండల్లో రాత్రి మకాం చేసేవాళ్లకు ఎలుగు తెరవలేని డబ్బాలు, రాత్రి కారులో టూత్‌పేస్టు కూడా ఉంచకూడదన్న ఆంక్ష. ఘటనలు తొంభై శాతానికి పైగా తగ్గాయి. తప్పు పర్యాటకుడిదని నియమమే ఒప్పుకుంది.

హిమాచల్‌లో వేలు ఊరివాడి వైపు తిరిగింది. 1999 తుది నోటిఫికేషన్‌తో 754 చదరపు కిలోమీటర్ల మేర మేత, మూలికల సేకరణ, గుచ్చీ పుట్టగొడుగుల ఏరివేత నిషిద్ధమయ్యాయి. హక్కులు రికార్డుల్లో ఉన్నవాళ్లకు పరిహారం అందింది. ఇందులో న్యాయం లేదనను. వసంతంలో పిట్టలు జతకట్టే వేళకే గుచ్చీల కోసం జనం, కుక్కలు అడవిలోకి చేరితే వెస్టర్న్ ట్రాగోపాన్ లాంటి బెదురు పక్షికి చిక్కే. అయితే నిన్నటిదాకా మంద తోలుకుపోయిన దారిలోనే ఇవాళ ఊరివాడు పర్యాటకుడి మూట మోస్తూ కూలీగా ఎక్కుతున్నాడు. పర్యాటకుడికి పర్మిట్ దొరుకుతుంది, వాడి గొర్రెకు దొరకదు. ఈ తూకం నాకు మింగుడుపడదు.

ఈ విషయంలో యోసెమిటీ చేతులు మరీ శుభ్రమేమీ కాదు. 1851లో మరిపోసా బెటాలియన్ అక్కడి అవాహ్నీచీ తెగవాళ్లను లోయ నుంచి తరిమింది. వాళ్ల చివరి ఊరి ఆనవాళ్లు 1969లో తుడిచిపెట్టుకుపోయాయి. నల్ల ఓక్ కాయల కోసం వాళ్లు ఏటా లోయలో సన్నటి మంటలు పెట్టేవారు. ఆ మంటలు ఆగాక పైన్‌లు, సీడార్లు పచ్చికను ఆక్రమించాయి. పర్యాటకుడు 'మనిషి చెయ్యి పడని అడవి' అని మురిసిపోయేది సగం ఆ ఖాళీ చేసిన ఇళ్ల మీద ఎదిగినదే.

తీర్థన్‌లో నేల గురించిన అలాంటి ఎరుక ఊరివాళ్లలో ఇంకా బతికే ఉంది. మోనాల్ పక్షి ఏ వాలులో మేతకు దిగుతుందో, మంచు ఎక్కడ ముందు కరుగుతుందో మూట మోసేవాడికి తెలుసు, పర్మిట్ రాసిచ్చే గుమాస్తాకు తెలియదు. యోసెమిటీ మాత్రం తాను తరిమేసినవాళ్ల మంటల విద్యను 1970 నుంచి శాస్త్రవేత్తలను పెట్టుకుని, అనుమతి పత్రాలు రాసుకుని, కొంచెం కొంచెంగా మళ్లీ నేర్చుకుంటోంది.